ఆపరేటింగ్ సిస్టం యాజమాన్య వ్యయం: నల్లకుంట పరిసరాల కళాశాలలు, డీటీపీ కేంద్రాల దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కంప్యూటరుకు ఏ ఆపరేటింగ్ సిస్టం ఎంచుకోవాలన్న ప్రశ్నకు చాలా సందర్భాలలో లైసెన్సు ధర ఒక్కటే చూసి సమాధానం చెబుతుంటారు. లైసెన్సు ధర మొత్తం వ్యయంలో ఒక భాగం మాత్రమే. సేకరణ, పరికరం, సహాయం, అభ్యసనం, నిష్క్రమణ అనే ఐదు పద్దుల కింద ప్రొప్రైటరీ, ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టంల వ్యయాన్ని పోల్చడం ఈ వ్యాసోద్దేశం. హైదరాబాదులోని నల్లకుంట, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలలో కనిపించే మూడు రకాల వినియోగదారులను, అంటే కళాశాల ప్రయోగశాలను, డీటీపీ కేంద్రాన్ని, ఆన్‌లైన్ దరఖాస్తుల కేంద్రాన్ని ఆధారంగా తీసుకొని ఈ పోలిక సాగుతుంది. తెలుగు రాతపనికి సంబంధించినంతవరకు నిర్ణాయకమైనది నిష్క్రమణ వ్యయమనీ, దానిని భరించేది కంప్యూటరు కొన్నవారికంటే ఎక్కువగా ఆ కంప్యూటరులో తయారైన పాఠంపై ఆధారపడే పరిశోధకులూ పాఠకులేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆపరేటింగ్ సిస్టం, ఓపెన్ సోర్స్, మొత్తం యాజమాన్య వ్యయం, సహాయసేవ, యూనికోడ్, తెలుగు డీటీపీ, నిష్క్రమణ వ్యయం.

1. ఉపోద్ఘాతం

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం, అశోక్‌నగర్‌లోని పోటీపరీక్షల శిక్షణ కేంద్రాలు, నారాయణగూడలోని కళాశాలలు, వీటన్నిటికీ దగ్గరలో ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఈ కొద్దిపాటి పరిధిలో చదువుకు సంబంధించిన రాతపని నిరంతరం సాగుతుంటుంది. ఉద్యోగ దరఖాస్తులు, అధ్యయన సామగ్రి, ప్రశ్నపత్రాలు, కవితాసంపుటులు, సిద్ధాంతగ్రంథాలు ఇక్కడి జిరాక్సు దుకాణాలలోనూ డీటీపీ కేంద్రాలలోనూ రూపుదిద్దుకొంటాయి. ఈ పనికి ఆధారమైన కంప్యూటర్లలో ఏ ఆపరేటింగ్ సిస్టం ఉందన్న సంగతి సాధారణంగా ఎవరి దృష్టికీ రాదు. అది పనిచేయడం మానేసిన రోజునే దాని ఉనికి తెలుస్తుంది.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ సహాయసేవ ముగిసింది. 2015 జులైలో విడుదలై పదేళ్లు వాడుకలో ఉన్న ఈ వ్యవస్థకు ఆ తేదీ తర్వాత ప్రత్యేక పథకంలో చేరనివారికి భద్రతా నవీకరణలు అందవు. విండోస్ 11కు మారాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, కొన్ని మినహాయింపులు పోను ఇంటెల్ ఎనిమిదవ తరం లేదా అంతకంటే కొత్త ప్రాసెసర్ ఉండాలి. ఇంటెల్ ఎనిమిదవ తరం ప్రాసెసర్లు విపణిలోకి వచ్చింది 2017లో. అంతకుముందు కొన్న కంప్యూటర్లు చక్కగా పనిచేస్తున్నా, తయారీసంస్థ దృష్టిలో వాటి కాలం చెల్లినట్లే. కళాశాలకైనా దుకాణానికైనా ఇప్పుడు నాలుగు దారులున్నాయి: కొత్త యంత్రం కొనడం, పొడిగింపు సేవకు రుసుము చెల్లించడం, రక్షణ లేకుండానే కొనసాగడం, ఓపెన్ సోర్స్ వ్యవస్థకు మారడం. ఈ నాలుగింటిలో ఏది చౌక అన్నది నిర్ణయించాలంటే ముందుగా వ్యయమంటే ఏమిటో నిర్వచించుకోవాలి.

2. యాజమాన్య వ్యయం: భావన, పద్దులు

కంప్యూటరు కొన్న ధరకూ దానిని వాడుకలో ఉంచడానికి అయ్యే ఖర్చుకూ మధ్యగల అంతరాన్ని లెక్కకట్టే పద్ధతిని గార్ట్‌నర్ సంస్థ 1987లో ప్రచారంలోకి తెచ్చింది. ఆ సంస్థకు చెందిన బిల్ కిర్విన్ పేరు ఈ విధానంతో ముడిపడి ఉంది. దీనినే మొత్తం యాజమాన్య వ్యయం అంటున్నారు. ఎద్దును కొన్న రైతు దాని వెలతో పాటు మేత, కొట్టం, పశువైద్యం కూడా లెక్కవేసుకొన్నట్లే కంప్యూటరు విషయంలోనూ లెక్క వేయాలన్నది ఇందులోని సారాంశం.

ప్రస్తుత పోలికకు ఐదు పద్దులు సరిపోతాయి. మొదటిది సేకరణ వ్యయం, అనగా లైసెన్సు ధర. రెండవది పరికర వ్యయం, అనగా ఆ వ్యవస్థ కోరే యంత్రసామగ్రి ఖర్చు. మూడవది సహాయ వ్యయం. మరమ్మతు, భద్రతా నవీకరణ, సాంకేతిక నిపుణుని వేతనం ఇందులోకి వస్తాయి. నాలుగవది అభ్యసన వ్యయం, అనగా వాడేవారు కొత్త పద్ధతిని నేర్చుకోవడానికి పట్టే కాలం. ఐదవది నిష్క్రమణ వ్యయం. ఒక వ్యవస్థను విడిచి మరొక దానికి మారేటప్పుడు పాత దస్త్రాలను వెంట తీసుకొనిపోవడానికి అయ్యే ఖర్చు ఇది. మొదటి నాలుగు పద్దులూ వాడుకకాలంలో కనిపిస్తాయి. ఐదవది విడిచిపెట్టే రోజున మాత్రమే కనిపిస్తుంది కాబట్టి చాలా లెక్కలలో అది చోటుచేసుకోదు.

ఇక్కడ ఒక పదవిచారణ అవసరం. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు నుండి వచ్చిన ఆంగ్లపదానికి ఉచితమనీ స్వేచ్ఛ అనీ రెండర్థాలుండడం వల్ల ఎంతో గందరగోళం ఏర్పడింది. తెలుగులో ఆ చిక్కు లేదు. రెంటికీ వేర్వేరు పదాలున్నాయి. హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తూ తెలుగులో గ్నూ/లినక్స్‌ను అందించిన సంస్థ తనకు స్వేచ్ఛ అనే పేరు పెట్టుకోవడం ఈ దృష్ట్యా ఔచిత్యవంతం. ఓపెన్ సోర్స్ లైసెన్సు ఇచ్చేది మూలసంకేతాన్ని చూడటానికి, మార్చడానికి, పంచుకోవడానికి హక్కు. రుసుము తీసుకోవడాన్ని అది నిషేధించదు. రెడ్ హ్యాట్ వంటి సంస్థలు సహాయసేవకు చందా వసూలు చేసేది ఈ ప్రాతిపదికపైనే. కనుక ఓపెన్ సోర్స్ వ్యవస్థ సేకరణ వ్యయం సున్నా కావచ్చునేమో గాని యాజమాన్య వ్యయం సున్నా కాదు.

3. సేకరణ, పరికర వ్యయాలు

లైసెన్సు ధర భారం దేశాన్నిబట్టి మారుతుంది. రిషబ్ అయ్యర్ ఘోష్ 2003లో ఫస్ట్ మండే పత్రికలో ప్రచురించిన వ్యాసంలో విండోస్ ఎక్స్‌పీ, ఆఫీస్ ఎక్స్‌పీ రెండింటి ధరను 560 డాలర్లుగా తీసుకొని వివిధ దేశాల తలసరి ఆదాయంతో పోల్చారు. నాటి భారతదేశంలో అది ఒక వ్యక్తి సగటు వార్షికాదాయాన్ని మించింది. ఆదాయాలు పెరిగిన నేటి పరిస్థితిలో ఆ నిష్పత్తి మారినా, ఒకే ధర రెండు సమాజాలలో ఒకే భారం కాదన్న ఆయన సూత్రం మారలేదు.

ధర కూడా ఒకటిగా ఉండదన్నదానికి విండోస్ 10 పొడిగింపు సేవ చక్కని ఉదాహరణ. వ్యాపారసంస్థలకు ఒక్కో యంత్రానికి మొదటి సంవత్సరం 61 డాలర్లు, రెండవ సంవత్సరం 122, మూడవ సంవత్సరం 244 డాలర్లుగా మైక్రోసాఫ్ట్ నిర్ణయించింది. ఆలస్యంగా చేరినవారు గడచిన సంవత్సరాల రుసుమును కూడా చెల్లించాలి. విద్యాసంస్థలకు ఇదే సేవ వరుసగా 1, 2, 4 డాలర్లు. 40 యంత్రాలున్న సంస్థను ఉదాహరణగా తీసుకొంటే మూడేళ్లకు వ్యాపారసంస్థ 17,080 డాలర్లు, విద్యాసంస్థ 280 డాలర్లు చెల్లించాలి. వ్యక్తిగత వినియోగదారుకు ఒక సంవత్సరానికి 30 డాలర్లు. తన అమరికలను మైక్రోసాఫ్ట్ ఖాతాతో అనుసంధానించడానికి అంగీకరిస్తే అదీ అవసరం లేదు.

అందించే భద్రతా సవరణ అందరికీ ఒకటే. ధరలో తేడా 61 రెట్లు. ఈ అంతరాన్ని నిర్ణయించేది ఉత్పత్తి వ్యయం కాదు. కొనుగోలుదారు ఏ వర్గంలో ఉన్నాడన్నదే. నారాయణగూడలో గుర్తింపు పొందిన కళాశాలకు వర్తించే ధర, అరకిలోమీటరు దూరంలో అదే విద్యార్థులకు ప్రాజెక్టు నివేదికలు అచ్చువేసి ఇచ్చే దుకాణానికి వర్తించదు. రేపు ఈ రాయితీ ఉండాలా వద్దా అన్నది కూడా అమ్మకందారు నిర్ణయమే. కనుక ప్రొప్రైటరీ వ్యవస్థ చౌకగా ఉన్నదని చెప్పేటప్పుడు ఆ చౌక ఎవరి అనుగ్రహంపై ఆధారపడి ఉన్నదో కూడా చెప్పాలి.

పరికర వ్యయంలో ఓపెన్ సోర్స్‌కు స్పష్టమైన మొగ్గు ఉంది. తేలికపాటి డెస్క్‌టాప్‌తో వచ్చే లినక్స్ పంపిణీలు విండోస్ 11 తిరస్కరించిన యంత్రాలపై సాఫీగా నడుస్తాయి. ఐతే ఈ లాభానికి ఒక హద్దుంది. నేటి వెబ్ బ్రౌజర్లు ఏ ఆపరేటింగ్ సిస్టంపైనైనా జ్ఞాపకశక్తిని విరివిగా వాడుకొంటాయి. పాత యంత్రపు ఆయుష్షు పెరుగుతుంది గాని అనంతం కాదు.

చట్టబద్ధం కాని నకలు ఈ పద్దులో కనిపించని మూడవ పోటీదారు. చిన్న దుకాణాలలో లినక్స్‌కు అసలైన పోటీ కొనుక్కున్న విండోస్ కాదు, కొనకుండా స్థాపించిన విండోస్. దాని సేకరణ వ్యయం కూడా సున్నాగానే కనిపిస్తుంది. భారత కాపీరైటు చట్టం, 1957లోని 63బి సెక్షను ప్రకారం ఉల్లంఘన ప్రతి అని తెలిసి కంప్యూటరు ప్రోగ్రామును వాడినవారికి ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలుశిక్ష, 50,000 రూపాయలకు తగ్గకుండా రెండు లక్షల వరకు జరిమానా విధించవచ్చు. ఈ ప్రమాదాన్నీ, నకలు ప్రతులతో వచ్చే వైరసుల నష్టాన్నీ కలిపి చూస్తే ఉచితమనిపించే ఈ దారి వాయిదా వేసిన అప్పు వంటిది.

4. సహాయ వ్యయం

సహాయసేవ విషయంలో రెండు పక్షాలవారి వాదనలలోనూ కొంత నిజముంది. విండోస్ తెలిసిన మరమ్మతుదారు నగరంలో ఏ వీధిలోనైనా దొరుకుతాడు. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టూ పెరిగిన కంప్యూటరు విపణి అంతా ఆ పరిజ్ఞానంపైనే నిలబడింది. ఎక్కువమంది వాడతారు కాబట్టి ఎక్కువమంది నేర్చుకొంటారు. ఎక్కువమంది నేర్చుకొన్నారు కాబట్టి మరమ్మతు కూలి తగ్గుతుంది. లినక్స్ తెలిసినవారు నగరంలో తక్కువేమీ కాదు. కాని వారిలో అధికులు సాఫ్ట్‌వేరు సంస్థలలో సర్వర్లను నిర్వహించే ఉద్యోగులు; జిరాక్సు దుకాణానికి వచ్చి ప్రింటరు సరిచేసే కూలికి వారు దొరకరు. అంటే నైపుణ్యం లభ్యత వేరు, అందుబాటు ధరలో లభ్యత వేరు.

ఐతే లినక్స్‌లో మరమ్మతు అవసరమయ్యే సందర్భాల స్వభావం భిన్నమైనది. మొదట సరిగా అమర్చిన యంత్రం తర్వాత తరచుగా చేయిచేసుకోవలసిన అవసరం కల్పించదు. వ్యయమంతా ఆరంభంలో కేంద్రీకృతమవుతుంది. ఒకే అమరికను 40 యంత్రాలకు నకలు తీయగల కళాశాలలో ఆరంభవ్యయం 40 భాగాలవుతుంది. ఒకే యంత్రమున్న దుకాణంలో అది మొత్తంగా యజమానిపైనే పడుతుంది.

భద్రతా నవీకరణలు లభించడం వేరు, వాటిని స్థాపించుకోవడం వేరు. 2017 మే 12న ప్రపంచవ్యాప్తంగా విజృంభించిన వానాక్రై దాడికి ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు గురయ్యాయి. ఆ లోపానికి సవరణను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14న విడుదల చేసింది. దాదాపు రెండు నెలలు గడచినా అది చేరని యంత్రాలు దాడికి లోనయ్యాయి. 2014లోనే సహాయం ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా సంస్థ ప్రత్యేకంగా ఒక సవరణ ఇవ్వవలసివచ్చింది. నవీకరణలను క్రమం తప్పకుండా స్థాపించే మనిషి శ్రమ కూడా సహాయ వ్యయంలో భాగమేనని ఈ ఘటన తెలుపుతుంది. ఈ నియమం లినక్స్‌కూ వర్తిస్తుంది.

ఓపెన్ సోర్స్ వ్యవస్థలకు సహాయకాలం శాశ్వతమన్న భావన కూడా సరికాదు. ఉబుంటు దీర్ఘకాలిక సంచికకు సాధారణంగా ఐదేళ్లు భద్రతా నవీకరణలు అందుతాయి. చందా పథకంతో ఆ కాలం పదేళ్లకు పెరుగుతుంది. ఎన్నో సంస్థలు సర్వర్లలో వాడిన సెంటోస్ లినక్స్ 8కి 2029 వరకు సహాయం ఉంటుందని భావించగా, 2021 డిసెంబరు 31తోనే అది ముగుస్తుందని 2020 డిసెంబరులో ప్రకటన వెలువడింది. వాడుకరులకు ఇది విండోస్ 10 ముగింపుకంటే పెద్ద దెబ్బ. విండోస్ గడువు ఏళ్లముందే తెలిసినది.

ఐతే ఆ తర్వాత జరిగినది గమనార్హం. మూలసంకేతం బహిరంగంగా ఉన్నందువల్ల 2021లోనే ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ అనే రెండు ప్రత్యామ్నాయాలు అదే పునాదిపై విడుదలయ్యాయి. సెంటోస్‌పై నడిచిన ప్రోగ్రాములు పెద్ద మార్పులు లేకుండా వాటిపై నడిచాయి. సహాయం ఆగిపోయే ప్రమాదం రెండు విధానాలలోనూ ఉన్నది. ఆగిన తర్వాత మరొకరు దానిని చేపట్టగల అవకాశం ఒకదానిలోనే ఉన్నది. ఓపెన్ సోర్స్‌కు గల ఆర్థిక విలువలో ముఖ్యాంశమిదే. లైసెన్సు ఉచితం కావడం కాదు.

5. పూర్వపు లెక్కలు నేర్పే పాఠం

2002లో ఐడీసీ సంస్థ విండోస్ 2000, లినక్స్ సర్వర్ల వ్యయాన్ని ఐదేళ్ల కాలానికి పోల్చి, ఐదు రకాల పనులలో నాలుగింటికి విండోస్ చౌకని తేల్చింది. ఒక్క వెబ్ సేవలో మాత్రమే లినక్స్ చౌకగా తేలింది. ఆ అధ్యయనానికి నిధులిచ్చినది మైక్రోసాఫ్ట్. నిధుల మూలం తెలిసినంతమాత్రాన ఫలితాన్ని తోసిపుచ్చనక్కరలేదు. ఆ లెక్కలో అతిపెద్ద భాగం సిబ్బంది వేతనాలది. అమెరికా వేతనాల ప్రాతిపదికపై చేసిన లెక్కలో లైసెన్సు ధర చిన్నదిగానూ మనిషి శ్రమ పెద్దదిగానూ కనిపించడం సహజం. వేతనాలు తక్కువై, లైసెన్సు డాలర్లతో ముడిపడిన చోట అదే సూత్రం వేరే ఫలితాన్నిస్తుంది. పోలిక సరైనదో కాదో కూడా చూడాలి. లినక్స్ పదిరెట్లు ఖరీదైనదన్న మైక్రోసాఫ్ట్ ప్రకటన ఐబీఎం మెయిన్‌ఫ్రేముపై నడిచే లినక్స్‌ను సాధారణ సర్వరుపై నడిచే విండోస్‌తో పోల్చినందువల్ల తప్పుదారి పట్టించేదిగా ఉన్నదని బ్రిటన్ ప్రకటనల ప్రమాణాల సంస్థ 2004లో నిర్ణయించింది.

జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ అనుభవం మరింత బోధప్రదం. 2003లో లినక్స్‌కు మారాలని నిర్ణయించి, దాదాపు 15 వేల కంప్యూటర్లను క్రమంగా మార్చింది. దీనివల్ల కోటి యూరోలకు పైగా ఆదా అయిందని 2012లో నగరం ప్రకటించింది. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ కోరికపై హెచ్‌పీ చేసిన అధ్యయనం లినక్స్ మార్గానికి 6.06 కోట్ల యూరోలు, విండోస్‌కు 1.7 కోట్ల యూరోలు అవుతాయని చెప్పింది. నగరం ఒకటే, కంప్యూటర్లు అవే. ఏ ఖర్చును ఏ పద్దులో వేశారన్నదానినిబట్టి ఫలితం తలకిందులయింది. 2017లో నగరమండలి తిరిగి విండోస్‌కు మారాలని తీర్మానించింది. 2020లో ఏర్పడిన కొత్త కూటమి మళ్లీ ఓపెన్ సోర్స్ వైపు మొగ్గింది. ఒక్కో మార్పుకూ వ్యయముంటుంది కాబట్టి, నిలకడలేని నిర్ణయమే అన్నింటికంటే ఖరీదైనదన్నది ఇక్కడి పాఠం.

కేరళలో 2001లో ఆరంభమైన ఐటీ@స్కూల్ కార్యక్రమం, దాని వారసురాలైన కైట్ సంస్థ పాఠశాలలలో ఓపెన్ సోర్స్ వాడుకను స్థిరపరచాయి. రెండు లక్షల కంప్యూటర్లలో ఉబుంటు ఆధారిత వ్యవస్థను స్థాపిస్తున్న సందర్భంలో 3,000 కోట్ల రూపాయలు ఆదా అవుతున్నట్లు 2019లో కైట్ ప్రకటించింది. ఒక్కో కంప్యూటరుకు లక్షన్నర రూపాయల లైసెన్సులు అవసరమన్న అంచనాను రెండు లక్షలతో గుణించగా వచ్చిన మొత్తమిది. ఇది నివారించిన వ్యయం. ఏ ప్రభుత్వమూ విద్యారాయితీ అడగకుండా అంత మొత్తం చెల్లించేది కాదు. ఆ గుణకారంలో ఉపాధ్యాయ శిక్షణకయ్యే ఖర్చు కూడా కనిపించదు. ఐనా కేరళ విజయం వాస్తవమే. పాఠ్యపుస్తకం, ఉపాధ్యాయ శిక్షణ, ఆపరేటింగ్ సిస్టం మూడింటినీ ఒకే సంస్థ ఒకే దిశలో ఏళ్ల తరబడి నడిపింది. మ్యూనిక్‌లో లోపించినదీ కేరళలో నిలిచినదీ ఈ నిలకడే.

భారత ప్రభుత్వం 2015లో ప్రకటించిన ఓపెన్ సోర్స్ విధానం కూడా ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమిస్తూనే, సామర్థ్యం, భద్రత, వ్యూహాత్మక నియంత్రణలతోపాటు జీవితకాల వ్యయాన్నీ సహాయ అవసరాలనూ పోల్చి నిర్ణయించాలని నిర్దేశించింది. చెన్నైలోని సీడాక్ 2007 నుండి విడుదల చేస్తున్న బాస్ లినక్స్ తెలుగుతోసహా భారతీయ భాషలలో లభించడం ఈ దిశలో ప్రభుత్వపరంగా జరిగిన ప్రయత్నం.

6. నిష్క్రమణ వ్యయం: తెలుగు పాఠం చిక్కుకొన్న చోటు

పై లెక్కలేవీ పట్టించుకోని ఒక పద్దు తెలుగు డీటీపీ కేంద్రాలలో కనిపిస్తుంది. తెలుగు లిపి 1991లో యూనికోడ్ తొలి సంచికలోనే చేరినా, అచ్చుపనికి అనుకూలమైన యూనికోడ్ ఫాంట్లూ పేజీ కూర్పు సాధనాలూ రావడానికి చాలాకాలం పట్టింది. ఆ అంతరాన్ని అను, శ్రీలిపి వంటి ఫాంట్ వ్యవస్థలు పూరించాయి. రెండు దశాబ్దాల తెలుగు ప్రచురణరంగం వాటికి ఋణపడి ఉంది. ఆ ఫాంట్లలో తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు మొదలైన ఖండాలు ఆంగ్లాక్షరాల సంకేతస్థానాలలో కూర్చి ఉంటాయి. తెరపై కనిపించేది తెలుగు. దస్త్రంలో నిలువ ఉండేది ఆంగ్లాక్షరాలకూ చిహ్నాలకూ చెందిన సంకేతాలు. వేర్వేరు సంస్థల ఫాంట్లలో ఈ కేటాయింపు వేర్వేరుగా ఉంటుంది. ఫాంటు లేని యంత్రంలో ఆ పాఠం అర్థంలేని చిహ్నాల వరుస.

ఈ ఫాంట్లు పేజ్‌మేకర్‌తో జతకట్టాయి. పేజ్‌మేకర్ చివరి ప్రధాన సంచిక 7.0 విడుదలైనది 2001లో. 2004లో అడోబీ దాని అభివృద్ధిని ఆపివేసింది. ఐనా పాత దస్త్రాలన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి దానిని వదలడం కష్టం. పేజ్‌మేకర్ కోసం పాత విండోస్, పాత విండోస్ కోసం పాత యంత్రం. ఈ విధంగా ఆపరేటింగ్ సిస్టం ఎంపికను నిర్ణయించేది ఆపరేటింగ్ సిస్టం గుణదోషాలు కాక, దానిపై కూర్చిన అక్షరాల సంకేతపద్ధతి అవుతున్నది.

దీని భారం పరిశోధకులపై ఎలా పడుతున్నదో చూడాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 నిబంధనల నుండి పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులను ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు సమర్పించవలసి ఉంది. వాటిని భద్రపరచే శోధగంగ, డీస్పేస్ అనే ఓపెన్ సోర్స్ వ్యవస్థపై నడుస్తున్నది. భాండాగారం బహిరంగమే, అందులో చేరిన అను ఫాంట్ల పీడీఎఫ్ మాత్రం కంటికి కనిపిస్తుంది గాని వెదకడానికి లొంగదు. ఒక పదాన్ని వెదికితే దొరకదు. ఒక వాక్యాన్ని నకలు తీస్తే ఆంగ్లాక్షరాల ముద్ద వస్తుంది. గ్రంథచౌర్య పరీక్షకూ నిఘంటు నిర్మాణానికీ భాషాసాంకేతికతకూ ఆ గ్రంథం లేనట్లే లెక్క. సిద్ధాంతగ్రంథాన్ని టైపు చేయించడానికి ఒకసారి డబ్బు చెల్లించిన పరిశోధకుడు, దానిని పుస్తకంగానో వ్యాసాలుగానో వెలువరించేటప్పుడు మార్పిడికి, అక్షరదోషాల సవరణకు మళ్లీ చెల్లిస్తాడు.

మార్పిడి అసాధ్యమేమీ కాదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు అనుబంధంగా వచ్చిన పద్మ అనే ఓపెన్ సోర్స్ పరికరం ఒకప్పుడు పత్రికల వెబ్‌సైట్లలోని ప్రత్యేక ఫాంట్ల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపింది. అను పాఠాన్ని మార్చే సాధనాలూ ఉన్నాయి. కాని సంయుక్తాక్షరాలు, విరామచిహ్నాలు, అంకెల వద్ద జారే పొరపాట్ల వల్ల ప్రతి పుటనూ మనిషి మళ్లీ చదవవలసిందే. ఆ చదువు ఖరీదే నిష్క్రమణ వ్యయం. పాతదస్త్రాల రాశి పెరిగినకొద్దీ అది పెరుగుతుంది. వాయిదా వేసినకొద్దీ పాతయంత్రం చెడిపోయి దస్త్రమే తెరుచుకోని ప్రమాదం దగ్గరవుతుంది.

నేడు ప్రత్యామ్నాయాలు లేవనడానికి వీలులేదు. మండలి, రామభద్ర, ధూర్జటి, మల్లన్న వంటి యూనికోడ్ ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద లభిస్తున్నాయి. లిబ్రెఆఫీస్ తెలుగు సంయుక్తాక్షరాలను సరిగా కూరుస్తుంది. పేజీ కూర్పుకు స్క్రైబస్ 1.6 సంచిక 2024లో వచ్చింది. డీటీపీ పనివారికి అలవాటైన యాపిల్ పేరుగల తెలుగు కీబోర్డు అమరిక లినక్స్‌లోని ఎం17ఎన్ సమూహంలో ఉండటం వల్ల అభ్యసన వ్యయం కూడా కొంత తగ్గుతుంది. ప్రొప్రైటరీ పక్షాన ఇన్‌డిజైన్ కూడా యూనికోడ్ తెలుగును కూర్చగలదు. అనగా నిష్క్రమణ వ్యయం నుండి బయటపడటానికి విండోస్‌ను వదలడం తప్పనిసరి కాదు. సంకేతపద్ధతిని వదలడం తప్పనిసరి.

7. మూడు రకాల వినియోగదారులు

కళాశాల ప్రయోగశాల: కంప్యూటర్ శాస్త్ర విద్యార్థులకు అవసరమైన సీ, జావా, పైథాన్ సాధనాలన్నీ లినక్స్‌పై లభిస్తాయి, లినక్స్ పరిచయమే వారికి ఉద్యోగార్హత. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు నేర్చుకొనే ట్యాలీ విండోస్‌పైనే స్థాపితమవుతుంది. విద్యారాయితీ వల్ల మూడేళ్ల వరకు విండోస్ 10 కొనసాగింపు చౌకే. కనుక ప్రయోగశాలను శాఖలవారీగా విభజించి, ఈ మూడేళ్లను ప్రయోగశాల సహాయకునికి లినక్స్ శిక్షణ ఇచ్చే గడువుగా వాడుకోవడం లాభదాయకం.

ఆన్‌లైన్ దరఖాస్తుల కేంద్రం: ఇక్కడి పని దాదాపు పూర్తిగా బ్రౌజరులోనే జరుగుతుంది. దాచుకొన్న పాతదస్త్రాలు లేవు కాబట్టి నిష్క్రమణ వ్యయం నామమాత్రం. ప్రింటరుకూ స్కానరుకూ లినక్స్ డ్రైవర్లున్నాయో లేదో ముందుగా చూసుకొంటే చాలు. ఆధార్ ప్రతులు, మార్కుల పత్రాలు ఇక్కడి యంత్రాల గుండా పోతాయి కనుక నవీకరణలు ఆగిన వ్యవస్థను వాడటం అభ్యర్థుల పాలిట ప్రమాదం. మూడింటిలో ఓపెన్ సోర్స్ ఇప్పటికిప్పుడే చౌకగా నిలిచేది ఇక్కడే.

డీటీపీ కేంద్రం: ఇప్పటికిప్పుడు లినక్స్‌కు మారడం దీనికి అత్యంత ఖరీదైన దారి. కొత్తగా వచ్చే ప్రతి పనినీ యూనికోడ్‌లో చేపట్టడం, పాతదస్త్రాలలో మళ్లీ అచ్చుకు వచ్చేవాటిని మాత్రమే మార్చడం, పేజ్‌మేకర్ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచడం మొదటి మెట్టు. ఈ మెట్టు ఎక్కిన కేంద్రానికి తర్వాత ఏ ఆపరేటింగ్ సిస్టంనైనా ధరనుబట్టి ఎంచుకొనే స్వేచ్ఛ వస్తుంది.

8. నిర్ధారణలు

1. ఓపెన్ సోర్స్ వ్యవస్థ సేకరణ, పరికర వ్యయాలలో చౌక. సహాయ, అభ్యసన వ్యయాలలో దాని స్థానం యంత్రాల సంఖ్యపైనా నైపుణ్యం లభ్యతపైనా ఆధారపడుతుంది.

2. ప్రొప్రైటరీ వ్యవస్థ ధర కొనుగోలుదారు వర్గాన్నిబట్టి మారుతుంది. రాయితీ పొందిన సంస్థ లెక్క రాయితీ లేని సంస్థకు వర్తించదు.

3. సహాయం ముగిసే ప్రమాదం రెండింటికీ సమానమే. మరొకరు దానిని కొనసాగించే అవకాశం ఓపెన్ సోర్స్‌కే ఉంది.

4. విదేశీ అధ్యయనాల ఫలితాలను వేతనాల నిష్పత్తి సరిచూడకుండా ఇక్కడికి అన్వయించరాదు.

5. తెలుగు రాతపనిలో అతిపెద్ద వ్యయం నిష్క్రమణకు సంబంధించినది. అది ఆపరేటింగ్ సిస్టం కంటే అక్షరసంకేతంతో ముడిపడినది.

ఈ ఐదవ నిర్ధారణ నుండి ఒక ఆచరణీయ సూచన వెలువడుతుంది. విశ్వవిద్యాలయాల తెలుగుశాఖలు సిద్ధాంతగ్రంథాలను యూనికోడ్‌లోనే స్వీకరించే నియమం పెట్టుకొంటే, డీటీపీ కేంద్రాలు ఆ పనిని ఆ విధంగానే చేసి ఇస్తాయి. కోరిన పద్ధతిలో కూర్చడమే వాటి వృత్తి. కంప్యూటరు ఎవరిది, అందులో ఏ వ్యవస్థ నడుస్తున్నది అన్న ప్రశ్నలు ఆ తర్వాత ధరకు సంబంధించిన ప్రశ్నలుగా మాత్రమే మిగులుతాయి. అందులో కూర్చిన తెలుగు పాఠం మాత్రం రాసినవారికీ చదివేవారికీ ఏ యంత్రంలోనైనా దక్కుతుంది.